17 డిగ్రీలు ఒరిగిన సైట్

ఒక మౌజర్ 98 రైఫిల్ బ్యారెల్‌ను మరో మౌజర్ యాక్షన్‌కు, అంటే బోల్ట్ కదిలే వెనుక భాగానికి, బిగించినప్పుడు, రెండింటి మరలూ ఒకటే కనుక పని సులువుగా తేలిపోతుందనుకున్నాను. గురి చూసే ముందు సైట్ నిటారుగానే నిలిచింది. అయితే బోల్ట్ నో-గో గేజ్ మీద, అంటే అది మూసుకోకూడని కొలత దిమ్మ మీద, కూడా మెత్తగా మూసుకుంది, అంటే బోల్ట్ ముఖానికీ ఛాంబర్‌లో తూటా భుజం ఆనే చోటుకూ మధ్య ఉండవలసిన దూరం, అదే హెడ్‌స్పేస్, హద్దు దాటిందన్నమాట.

బ్యారెల్ ఆనే ముఖాన్ని లేత్ మీద 0.1 మి.మీ. తగ్గించగా హెడ్‌స్పేస్ దారికొచ్చింది గానీ, అంగుళానికి 12 మరలున్న ఆ బ్యారెల్ ఒక్క చుట్టుకు 2.1 మి.మీ. లోనికి పోతుంది కనుక, సైట్ 17 డిగ్రీలు పక్కకు ఒరిగింది. బ్యారెల్‌లో ఎక్స్‌ట్రాక్టర్ (తూటా గుల్లను బయటికి లాగే కొక్కెం) కోసం గాడి లేకపోవడం నా అదృష్టం, ఉంటే అదీ పక్కకు తిరిగిపోయేది. చివరకు సైట్లను పట్టి ఉంచిన టంకం కరిగించి, ముందూ వెనుకా సైట్లు రెండింటినీ మళ్ళీ నిలువుకు తెచ్చి అతికించవలసి వచ్చింది.