సర్వదా

మన బడి రీయూనియన్ సావనీరు కమిటీ తరఫున రేడియోగాడు ఫోన్ చేసి, "ఒరే సర్వదా, దేశభక్తి, స్వాతంత్ర్యం, పిల్లలకి పౌరబాధ్యత... ఈ లైన్లో ఓ రెండు పేజీలు రాసిచ్చెయ్, ఆదివారంలోగా" అన్నాడు. మన బ్యాచ్‌లో నేవీలో చేసినవాళ్లు ముగ్గురున్నారు. ఉక్కు ఉద్యమంలో మా మావయ్య జైలుకెళ్లాడని చెవులు తినేసిన లంబూ ఉన్నాడు. వాళ్లందర్నీ వదిలేసి, ట్రెజరీలో బిల్లులు పాస్ చేసుకునే నా మీద ఎందుకు పడ్డాడో నాకు తెలుసు, మీకూ తెలుసు. నలభై ఏళ్లు దాటినా ఆ పంద్రాగస్టుని ఎవరూ వదలరు కదా!

దానికంటే ముందు సోషల్ మాస్టారు. పరీక్షలో రాదని మనమెవరం చూడని, పుస్తకంలో ప్రతిజ్ఞ ఉండే మొదటి పేజీని ఆయన పాఠంలా చెప్పేవారు. ప్రేయర్‌లో చెయ్యి చాపి, ముందువాడి వీపు గీకుతూ ప్రతిజ్ఞ అప్పజెప్పేస్తుంటే, వరసల మధ్య తిరుగుతూ ఒకడి దగ్గర ఆగేవారు. "ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటానన్నావు. అంటే ఏంట్రా?" చెప్పలేకపోతే కొట్టేవారు కాదు. కొడితేనే నయమనిపించేది. ఐస్‌ఫ్రూట్ తాతకి చెల్లని పదిపైసలు అంటగట్టినందుకు నేనూ లంబూ వారం రోజులు ఆయన బండి తోశాం, పూర్ణా మార్కెట్ దాకా. జంతువుల పట్ల దయ అన్న వాక్యానికి మన గేదెగాడు పడ్డ పాట్లు రాయను. వాడి కోడళ్లు కూడా ఈ సంచిక చదువుతారట.

"ఇది ఢిల్లీలో పుట్టింది కాదురా, మన ఊళ్లో ట్రెజరీ ఆఫీసరు రాశాడు" అని ఆయన చెబితే నవ్వాం. చలానాలు చూసుకునేవాడు ప్రతిజ్ఞ రాయడమేంటని. తర్వాత నేనూ ఆ శాఖలోనే చేరాను. ప్రతిజ్ఞ రాసినాయన పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు అని అప్పుడు తెలిసింది. నల్గొండ జిల్లా మనిషి. చైనా యుద్ధం వచ్చిన 1962లో ఇక్కడ జిల్లా ట్రెజరీ అధికారిగా ఉంటూ రాశారు. 1963లో విశాఖలోని ఓ బడిలోనే మొదట చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదివింది. మన పుస్తకంలో ఆయన పేరు లేదు. ఎవరు రాశారో తెలీకుండానే రోజూ ఒట్టేశామన్నమాట.

ఇక పంద్రాగస్టు. లీడర్‌కి జ్వరమని నన్ను స్టేజీ ఎక్కించారు. "దీనికి అర్హత పొందడానికి సర్వదా..." దగ్గర ఆగిపోయాను. మళ్లీ "సర్వదా". ఇంకోసారి "సర్వదా". మైకు కుయ్యిమంది. రేడియోగాడు కిసుక్కుమన్నాడు. మాస్టారు నాలుగడుగుల దూరంలోనే ఉండి కూడా అందించలేదు. బిళ్లల పళ్లెం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ గంట ఆయమ్మ, "నేను కృషి చేస్తాను... ఏటి బాబూ, మర్సిపోనావేటి?" అంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. రోజూ విని విని వచ్చేసింది. ఆ జనవరి 26కి ప్రతిజ్ఞ చెప్పించింది ఆయమ్మ చేతే. పెద్ద మాస్టారు మొహం మాడ్చుకున్నా సోషల్ మాస్టారు వినలేదు. ఆవిడ కొత్త నేతచీర కట్టుకొచ్చి, కళ్లు మూసుకుని, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది.

నేను కలెక్టర్నేం కాలేదు. సబ్ ట్రెజరీ ఆఫీసర్ని. మొన్న, పెన్షనర్లు బతికే ఉన్నామని రుజువు చూపించుకునే లైఫ్ సర్టిఫికెట్ల సీజన్లో ఓ పెద్దాయన వేలిముద్ర పడలేదు. తడి స్పాంజి మీద రుద్ది నాలుగుసార్లు పెట్టించినా మిషన్ ఒప్పుకోలేదు. గీతలన్నీ అరిగిపోయి వేలు నున్నగా ఉంది. "రేపు రా తాతా" అంటున్నాడు మా కుర్రాడు. "అంటే ఏంట్రా?" అన్నాను, ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ మాట! ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం మీదే సంతకం తీసుకుని పంపాను.

రీయూనియన్‌లో ప్రతిజ్ఞ నేనే చెప్పాలని కమిటీ తీర్మానించిందట. వస్తాను. కాగితం జేబులో పెట్టుకునే వస్తాను. ఈసారి మెట్ల దగ్గర ఆయమ్మ ఉండదుగా.