తాగి వచ్చాడన్నారు

నేను మద్యం ముట్టను. ఆ మధ్యాహ్నం గోడౌనులో కూలబడినప్పుడు మా సూపర్‌వైజర్ మాత్రం, "పొద్దున్నే తాగి వచ్చినట్టున్నాడు, పక్కన పడుకోబెట్టండి" అన్నాడు.

మాధవరంలో మా గోడౌనుకు రేకుల కప్పు. అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, పై అరల దగ్గర నిలబడితే నడినెత్తి మాడిపోతుంది. చెన్నై గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫ్యాన్లు ఆ వేడినే ముఖాన కొడతాయి. లారీ దించుతూ పొంతన లేకుండా మాట్లాడానట, పేరు అడిగితే ఊరి పేరు చెప్పానట. వడదెబ్బ మెదడుదాకా పోయిందనడానికి అదే గుర్తు. దాన్ని తాగుడన్నారు!

తోటి హమాలీ, విల్లుపురం కుర్రవాడు, ఆ మాట లెక్కచేయలేదు. తాగునీటి క్యాన్లు నామీద గుమ్మరించి, అట్టముక్కతో విసురుతూనే 108కి ఫోన్ చేయించాడు. అప్పటికీ ఆసుపత్రిలో నా ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఉందట. అతను తడపకపోతే దక్కేవాణ్ణి కానని డాక్టరే చెప్పారు. వాడు చల్లగా ఉండాలి.

ఐసు, సెలైన్లు, రక్తపరీక్షలు అయ్యాయి. ఆ రాత్రి మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే పదార్థం కిడ్నీలను పాడుచేస్తోందని, మూత్రం సరిగా రాకపోతే డయాలసిస్ తప్పదని అన్నారు. నా భార్య సూళ్లూరుపేట చెంగాళమ్మకు మొక్కుకుంది. నర్సు వచ్చి మూత్రం సంచి ఎత్తి చూసిన ప్రతిసారీ నేను ఆమె ముఖంలోకే చూసేవాణ్ణి. ఒక్కసారీ ఏమీ అనలేదు. పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మ, అన్నీ ఆ చీకట్లోనే గుర్తుకొచ్చాయి. తెల్లవారుజామున ఆమె, "రంగు తేరుకుంటోంది, అన్నా" అంది. అమ్మవారి దయ, డాక్టర్ల చలవ, రెండూ నమ్ముతాను.

సూపర్‌వైజర్ పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు. ఆ మాట ఊసెత్తలేదు.

2024లో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తారు. బతికుండగా మధ్యాహ్నం కాసేపు విరామం, చల్లని గది ఇవ్వడానికి యజమానికి ఎంత ఖర్చవుతుంది? వేసవిలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం పని తగ్గించండి, వేడికి ఒళ్లు అలవాటుపడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఎవరి మాటైనా తడబడితే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి విసరండి. జ్వరం మాత్రలు ఈ వేడిని దించవు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.