లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్ని పోల్చేటప్పుడు ఏ అంకెలు చూడాలి

అమెరికాలో ప్రధానంగా డిగ్రీ విద్యార్థుల కోసమే నడిచే చిన్న కాలేజీలు, అంటే లిబరల్ ఆర్ట్స్ కాలేజీల జాబితా రాసుకునేవాళ్లు చాలామంది ర్యాంకు, అడ్మిషన్ శాతం దగ్గరే ఆగిపోతారు. వాటికంటే పనికొచ్చేది కామన్ డేటా సెట్, అంటే కాలేజీలు తమ అంకెలు నింపి బయటపెట్టే పత్రం. కాలేజీ పేరు పక్కన ఈ మాట చేర్చి వెతికితే చాలావాటిది దొరుకుతుంది. అందరూ నింపేది ఒకే నమూనా కాబట్టి పోల్చడం తేలిక.

ముందు అడ్మిషన్ శాతం సంగతి. ఊహకి ఒక లెక్క వేద్దాం. 8,750 మంది దరఖాస్తు చేస్తే 875 మందికి సీటిచ్చారు, అంటే 10 శాతం. అందులో ఎర్లీ డెసిషన్‌లో, అంటే సీటొస్తే చేరతామని ఒకే కాలేజీకి మాటిచ్చి ముందుగా దరఖాస్తు చేసే పద్ధతిలో, 750 మంది అడిగితే 250 మందికి వచ్చింది, అది 33 శాతం. మిగిలిన 8,000 మందిలో 625 మందికే వచ్చింది, అంటే 8 శాతం కూడా లేదు. ఆ 10 శాతం ఎవరికీ వర్తించని అంకె అన్నమాట. అసలు అంకెలు కావాలంటే కామన్ డేటా సెట్‌లో సి1 అనే భాగంలో ఉన్న మొత్తాల్లోంచి సి21లో ఉన్న ఎర్లీ డెసిషన్ అంకెలు తీసేయండి.

అలాగని 33 శాతం చూసి సంబరపడొద్దు. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ లాంటి చోట్ల సుమారు మూడో వంతు విద్యార్థులు కాలేజీ జట్లలో ఆడతారు. కోచ్‌లు ముందే ఎంచుకున్నవాళ్లు ఎక్కువగా వచ్చేది ఎర్లీ డెసిషన్‌లోనే. ఆటతో సంబంధం లేనివాళ్లకి మిగిలే అవకాశం కాగితం మీద కనిపించేదానికంటే తక్కువ.

సైజు విషయానికొస్తే, హార్వీ మడ్‌లో 900 మంది దాకా, స్వార్త్‌మోర్‌లో 1,700 దరిదాపు, విలియమ్స్‌లో రెండు వేల పైచిలుకు, వెస్లియన్‌లో సుమారు మూడు వేలు. ఇంత తేడా ఉన్నా, పక్కన ఏముందో చూడకుండా ఈ అంకెల్ని నమ్మలేం. హార్వీ మడ్, పొమోనా, స్క్రిప్స్, పిట్జర్, క్లేర్‌మాంట్ మెకెన్నా ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, ఒకచోట చేరి ఇంకోచోట క్లాసులకి వెళ్లొచ్చు. అయోవాలోని గ్రిన్నెల్‌కి అలాంటి పొరుగు లేదు.

సైజు అసలు దెబ్బ కొట్టేది డిపార్ట్‌మెంట్ దగ్గర. ఐదారుగురు ప్రొఫెసర్లున్నచోట ఒకరిద్దరు సబాటికల్‌లో (పరిశోధన కోసం తీసుకునే దీర్ఘ సెలవులో) ఉంటే పై స్థాయి కోర్సు రెండేళ్లకోసారే వస్తుంది. మూడో ఏడు సెమిస్టర్ విదేశాలకి వెళ్తే అది తప్పిపోవచ్చు. బ్రోచర్‌లోని కోర్సుల పట్టిక కాదు, గత రెండేళ్ల టైమ్‌టేబుల్ తీసి నిజంగా ఏవి నడిచాయో చూడండి. కామన్ డేటా సెట్ ఐ3లో క్లాసుల సైజులుంటాయి. జె విభాగంలో ఏ సబ్జెక్టులో ఎంత శాతం డిగ్రీలిచ్చారో ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ శాతం పెద్దదై ప్రొఫెసర్లు కొద్దిమందే ఉంటే, సీటు దొరకని క్లాసులు ఉంటాయనుకోవచ్చు.

పేరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాలేజీలకి ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ వీటికి వేరే జాబితా ఇస్తుంది, కాబట్టి యూనివర్సిటీల ర్యాంకుతో పోల్చడం అర్థంలేని పని. రీడ్ కాలేజీ 1995లోనే ఆ ర్యాంకుల సర్వేకి సమాచారం పంపడం మానేసింది, అయినా పీహెచ్‌డీలకి వెళ్లేవాళ్ల సంఖ్యలో దానికి మంచి పేరే ఉంది. ఇంజినీరింగ్ కావాలంటే మాత్రం స్వార్త్‌మోర్, హార్వీ మడ్, స్మిత్, లఫాయెట్ లాంటివి చూసుకోండి. 3-2 ప్రోగ్రామ్ (ఇక్కడ మూడేళ్లు, ఇంకో ఇంజినీరింగ్ కాలేజీలో రెండేళ్లు) వినడానికి బాగుంటుంది గానీ, ఐదేళ్లు పడుతుంది, రెండో కాలేజీలో ఎయిడ్ (ఆర్థిక సాయం) వస్తుందన్న హామీ ఉండదు.

విదేశీ విద్యార్థులకి అన్నిటికంటే ముఖ్యం ఎయిడ్. ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి కొన్ని కాలేజీలే విదేశీయుల ఆర్థిక అవసరం చూడకుండా నిర్ణయం తీసుకుంటాయి. మిగతావాటిలో ఎక్కువచోట్ల మీరడిగే మొత్తం కూడా నిర్ణయంలో లెక్కకొస్తుంది. కామన్ డేటా సెట్‌లో హెచ్6 తెరిచి ఎందరు విదేశీయులకి, సగటున ఎంత ఇచ్చారో చూడండి. ఎర్లీ డెసిషన్‌కి కట్టుబడాలి కాబట్టి ఈ పని అక్టోబర్‌లోపే ముగించాలి, చాలా కాలేజీల గడువు నవంబర్ 1 లేదా 15. ఇచ్చిన ఎయిడ్ సరిపోకపోతే తప్పుకోవచ్చు గానీ, అది డిసెంబర్ మధ్యలో తేలుతుంది. జనవరి గడువుల కోసం మిగతా కాలేజీల దరఖాస్తు వ్యాసాలు అప్పటికే రాసి ఉంచుకోండి.