తూము, తోరణం, గడీ: ఓరుగల్లు చుట్టూ రెండు రోజులు

పొద్దున ఏడు కాకముందే హనుమకొండ వేయిస్తంభాల గుడికి చేరాం. శాసనం చూడాలంటే ఆ వేళే మేలు. ఏటవాలు వెలుగు పడితేనే అక్షరాలు తేలతాయి, ఎండ నడినెత్తికొస్తే రాయి ఒకటే మెరుపు. 1163లో కాకతి రుద్రదేవుడు వేయించిన శాసనమిది. చాళుక్యులకు సామంతులుగా ఉన్నవాళ్లు ఇక ఎవరికీ తలవంచమని రాతి మీద రాసుకున్నారు. ఆ మాట చెప్పడానికి గుడి కట్టి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురినీ ఒకే మండపం చుట్టూ నిలిపారు. కొత్త రాజ్యానికి ఏ ఒక్క భక్తుల గుంపూ చాలదు కదా.

ఇలాంటి చోట్ల ఎవరు కట్టించారన్నది బోర్డు మీదే ఉంటుంది. మరమ్మతు ఎవరి మెడకు చుట్టారన్నది మాత్రం మనమే వెతుక్కోవాలి. ఈ యాత్రంతా ఆ వెతుకులాటే.

ఓరుగల్లు కోటలో అందరూ కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. మేము మట్టికోట దాటి, రాతికోట గోడ వెంట నడిచాం. సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లు, బయట కందకం, నేరుగా దూసుకురాకుండా మలుపు తిప్పిన ద్వారాలు. ఒక్కో బురుజు కాపలా ఒక్కో నాయకుడిదని, అలా 77 మంది ఉండేవారని చెబుతారు. నాయంకరమనే ఈ పద్ధతి లెక్క సూటిగా ఉంటుంది: ఊళ్ల రాబడి నీది, దానికి బదులు సైన్యాన్ని పోషించి అడిగినప్పుడు పంపాలి. ప్రాచీన ఏథెన్స్‌లో ఇంకా గమ్మత్తు. యుద్ధనౌక ఏడాది ఖర్చు ఒక ధనవంతుడి మీద వేసేవారు. ‘నాకంటే ఫలానావాడే కలిగినవాడు’ అని అతను తప్పుకోజూడవచ్చు. ఆ ఫలానావాడు కాదంటే, ‘అయితే మన ఆస్తులు మార్చుకుందాం’ అని సవాలు విసరవచ్చు. సంపదకు బాధ్యతను ముడేయడం ఎంత పాత తంటానో!

రామప్పకు హనుమకొండ బస్టాండు నుంచి ములుగు దాటి వెళ్లే బస్సెక్కి, జంగాలపల్లి దగ్గర దిగి, పాలంపేటకు ఆటో పట్టుకోవాలి. దారి మొత్తం సుమారు 65 కిలోమీటర్లు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు, పునాదిలో ఇసుక. ఆ ఇసుక అదురును మింగుతుంది, కానీ అదే ఇసుక జారితే పైనున్న రాయి ఒరుగుతుంది. మండపం నేల ఎగుడుదిగుడు చూస్తే తెలిసిపోతుంది.

గుడికి గంట చాలు. చెరువుకు పూట కేటాయించండి. గుడిని, చెరువును విడదీసి చూస్తే రుద్రుడు చేసిన పని సగమే కనిపిస్తుంది. ముందు కట్ట మీద నడవాలి, తర్వాత నీళ్లు వదిలే తూము, చివర చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి. పాతకాలపు చెరువు తూమైతే నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు కనిపిస్తాయి. పలకల రంధ్రాల గుండా ఒక కర్ర కిందికి దిగుతుంది, దాని కొసన కొయ్య బిరడా. కర్ర ఎంత లేపితే అన్ని నీళ్లు. లేపే పని నీరటికాడిది. అతనికి కూలి డబ్బుల్లో కాదు, కళ్లంలో గింజల్లో ముట్టేది. పంట ఎండితే అతనికీ గింజ లేదు.

పెట్టుబడి పెట్టినవాడిని కట్టేసిన తాడు దశబంధం. చెరువు తవ్వించి, దాన్ని బాగు చూసుకునేవాడికి ఆయకట్టులో పదోవంతు మాన్యం. ఊరు నిండితేనే అతని వాటా నిండుతుంది. సప్తసంతానాల్లో కొడుకుతో పాటు తటాకాన్నీ లెక్కేశారు కాబట్టి పుణ్యమూ దక్కుతుంది. పాకాల చెరువు తవ్వించిన జగదాల ముమ్మడి అయినా, బయ్యారం చెరువు తవ్వించిన గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ అయినా ఈ లోకంలోని వాళ్లే. తట్ట మోసినవాళ్ల పేర్లు మాత్రం ఏ శాసనంలోనూ కనపడవు.

పదోవంతు అనగానే ఆండ్రూ కార్నెగీ గుర్తొస్తాడు. ఉక్కు డబ్బుతో లోకమంతా 2,509 గ్రంథాలయాలు కట్టించాడు. స్థలం ఊరిదే. పైగా తానిచ్చిన మొత్తంలో ఏటా పదోవంతు నిర్వహణకు పెడతామని ఊరు ఒప్పుకోవాలి. అంటే మన లెక్కకు తిరగేసిన లెక్క: ఇక్కడ దాతను నిర్వహణకు కట్టేశారు, అక్కడ దాత ఊరిని కట్టేశాడు. అదే కార్నెగీ కంపెనీలో 1892 హోమ్‌స్టెడ్ సమ్మెలో తుపాకులు పేలాయి.

కాకతీయుల మంచితనం గురించి మరీ మురిసిపోయేవాళ్లు అటు నుంచే మేడారం వెళ్లిరావాలి. కరువులో కప్పం కట్టలేమన్న కోయ దొరల మీదికి ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిందన్నదే సమ్మక్క సారలమ్మల గాథ. జంపన్న వాగు పేరు ఆ యుద్ధంలో పడినవాడిదే.

రెండో రోజు పాలకుర్తి మీదుగా విస్నూరు దొర గడీకి. రాబడిని బాధ్యతకు కట్టేసిన తాడు ఇక్కడ తెగిన తీరు చూడాలి. నిజాం రాజ్యంలో శిస్తు వసూలు దేశ్‌ముఖుల గుత్తగా ఉండేది. 1865లో నిజాం దివాను సాలార్‌జంగ్ జిల్లాబందీ తెచ్చి సర్కారే నేరుగా వసూలు మొదలుపెట్టాక, వాళ్లకు ఏటా రుసుం ముట్టింది. ఏ మడి మంచిదో, ఏ కాగితం ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్లు వాళ్లే. భూమి కొలిచి శిస్తు కట్టే బందోబస్తులో నీళ్లందే భూములు వాళ్ల పట్టాలకెక్కాయి. పని పోయింది, రాబడి నిలిచింది, భూమి కలిసొచ్చింది. విస్నూరు దేశ్‌ముఖు కింద 40 వేల ఎకరాలుండేవని తెలంగాణ రైతాంగ పోరాట చరిత్రలు చెబుతాయి. చెరువు పూడిక తీయించాల్సి వచ్చినా దొరకు పైసా ఖర్చు లేదు, వెట్టి ఉంది. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట ఇవ్వనని కొడవలి పట్టింది ఈ దొర మీదే. పక్కనే కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది.

ఈ దారిలో ఏ కుంట దగ్గర ఆగినా అవే జబ్బులు. కట్ట మీద పెరిగిన చెట్టు ఎండితే వేరు కుళ్లి బొరియవుతుంది, గండి అక్కడ మొదలవుతుంది. ఇంకో రెండెకరాలు పారాలని ఆయకట్టు రైతులు మత్తడి మీద ఇసుక బస్తాలు పేరిస్తే, నీళ్లు వెనక్కి తన్ని శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, నాట్లు మునుగుతాయి. శిఖం రైతు రాత్రికి రాత్రి తూము లేపేస్తాడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పూడికతీతకు పూనుకుంది. పూడిక తీయడం యంత్రాల పని, నీరటికాడిని తిరిగి నిలబెట్టడం యంత్రాలతో అయ్యేది కాదు.

ఇప్పటి శ్రీమంతులకూ ఒక వాటా ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. ఆ డబ్బుతో మీ ఊళ్లో చెరువు బాగుచేస్తామని ఎవరైనా వస్తే, శిలాఫలకం మీద పేరు సంగతి తర్వాత. మూడో ఏడు తూము కారితే ఎవరు చూస్తారో ఒప్పంద కాగితంలో రాయించుకోండి. శిఖం హద్దురాళ్లు కూడా ముందే పాతించుకోండి.