ముట్టుకొని నేర్చుకునే చోటు

"ముట్టుకోవద్దు" అన్న బోర్డు లేని మ్యూజియం అంటే నాకెంతో ఇష్టం. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లోరటోరియం అనే సైన్స్ మ్యూజియంను ప్రారంభించినప్పుడు, వచ్చినవారు చూసి వెళ్లిపోకుండా స్వయంగా ప్రయోగం చేసి చూడాలన్నదే ఆయన ఉద్దేశం. అక్కడ సందర్శకులకు తోడ్పడే పనిని హైస్కూలు విద్యార్థులకు కూడా అప్పగించారు. ఒకరికి చెప్పవలసి వచ్చినప్పుడే మనకెంత తెలుసో బయటపడుతుంది కాబట్టి, ఇది గొప్ప ఆలోచనని నా నమ్మకం.

ఇలాంటి ఒక కేంద్రంలో చూసిన దృశ్యం నా కళ్లముందే ఉంది. గుండ్రంగా తిరిగే స్టూలుపై కూర్చున్న ఒక పాప, గిర్రున తిరుగుతున్న సైకిల్ చక్రాన్ని ఇరుసుకు రెండు వైపులా పట్టుకొని మెల్లగా పక్కకు వంచింది. ఎవరూ తోయకుండానే స్టూలు కదిలింది. చక్రాన్ని రెండో వైపుకు వంచగానే అది వెనక్కు తిరగసాగింది. పక్కనున్న కార్యకర్త వెంటనే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం (బయటినుంచి ఏదీ తిప్పకపోతే మొత్తం భ్రమణం మారదన్న నియమం) గురించి చెప్పకుండా, "ఎందుకు తిరిగిందంటావు?" అని అడిగి, పాప మరో నాలుగుసార్లు వంచి చూసేదాకా ఓపికగా నిలబడింది.

ఉపాధ్యాయుల శిక్షణ తరగతులు, టెలిస్కోపుతో ఆకాశాన్ని చూపించే రాత్రులు, కుటుంబమంతా కలిసి పాల్గొనే వర్క్‌షాపులు ఎన్ని జరిగినా మంచిదే. అయితే శబ్దాన్నీ వెలుతురునూ తగ్గించి, ఆటిజం ఉన్న పిల్లల కోసం కొన్ని మ్యూజియంలు ప్రత్యేకంగా కేటాయించే ప్రశాంత సమయాలు అన్నిచోట్లా ఉండాలని నేను మనసారా కోరుకుంటున్నాను.