లేబర్ రూమ్‌లో నా పని

జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి తొమ్మిదేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాక, కాన్పులు చేయడం నేర్పే 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకున్నాను. ఊళ్లో ముసలమ్మలు మాత్రం "మంత్రసాని సిస్టర్" అనే అంటారు. నాకదే బాగుంటుంది.

నొప్పులు పడే అమ్మాయిని ఊరికే పడుకోబెట్టను. నడిపిస్తాను, బంతి మీద కూర్చోబెడతాను, నడుము రుద్దుతాను. అరగంటకోసారి బిడ్డ గుండె వింటాను. నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకోవాలి. తేడా వస్తే వెంటనే డాక్టరమ్మకు ఫోన్.

బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కోయను, కనీసం ఒక నిమిషం ఆగుతాను. ఆ నిమిషంలో అత్తల టెన్షన్ చూడాలి!

పోయిన వారం ఒకావిడ ముహూర్తానికి ఆపరేషన్ చేయమని పట్టుబట్టింది. కోడలేమో "నేను నడుస్తా సిస్టర్" అంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆడపిల్ల.