అప్‌డేట్ అయిన మర్నాడు కాదు, ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి క్రాషులు

ముందే చెప్పేస్తున్నా, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో లెక్కల క్లాసులు చెప్పుకుంటా, నాకున్న కంప్యూటర్ జ్ఞానమంతా పాడైనప్పుడల్లా తిప్పలు పడి నేర్చుకున్నదే. ఈసారి తిప్పలు 11 రోజులు పట్టాయి కాబట్టి రాసి పెడుతున్నా.

పెద్ద వెర్షన్ అప్‌డేట్ రెడీగా ఉందని విండోస్ వారం నుంచి సతాయిస్తోంది, సరే కానీలే అని శనివారం రాత్రి నొక్కేసి పడుకున్నా. ఆదివారం అంతా బాగానే ఉంది, పేపర్లు దిద్దుకున్నా, మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించుకున్నా. సోమవారం క్లాసు మొదలై ఇరవై నిమిషాలు అయ్యిందో లేదో, క్వాడ్రాటిక్ ఫార్ములా రాస్తున్నా, సౌండ్ ఒక్కసారిగా జుయ్‌య్‌మని సాగింది, బ్లూ స్క్రీన్ పడింది, కళ్ళు ఆర్పేలోపు రీస్టార్ట్ కూడా అయిపోయింది. మళ్ళీ లాగిన్ అయ్యేసరికి చాట్‌లో ఒకటే మెసేజ్: "మేడమ్, రూట్ కింద బీ స్క్వేర్ దగ్గర ఆగిపోయారు". ఆ రోజు ఇంకో రెండుసార్లు పడింది. మంగళవారం మూడు.

నా మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే, అప్‌డేట్ చేశాకే వచ్చింది కాబట్టి అప్‌డేట్ వల్లే వచ్చింది, వెనక్కి పోతే సరి. పెద్ద అప్‌డేట్ తర్వాత 10 రోజుల దాకా సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ అని ఒక బటన్ ఉంటుంది, పాత వెర్షన్‌ని విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్లో దాచిపెట్టి ఉంచుతుంది కదా, దాంట్లోంచి తిరిగి తెచ్చేస్తుంది. నేను వెళ్ళి చూస్తే బటన్ చచ్చిపోయి ఉంది. ఎందుకా అని బుర్ర గోక్కుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం సాయంత్రం సీ డ్రైవ్ ఎర్రగా కనిపిస్తే డిస్క్ క్లీనప్ పెట్టి, ఇరవై జీబీ దాకా వస్తోందని సంబరపడి ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ అన్న దానికి టిక్కు పెట్టి నా చేత్తో నేనే తుడిచేశా. నాది 128 జీబీ ఎస్ఎస్‌డీ లెండి, జాగా విషయంలో నేను పరమ పిసినారిని, ఈ పిసినారితనం ఈ కథలో ఇంకోసారి కూడా వస్తుంది.

మా తమ్ముడికి ఫోన్ చేస్తే వాడి దగ్గర ఏ రోగానికైనా ఒకటే మందు. "అక్కా, ఫార్మాట్ కొట్టేయ్, గంట పని." నీకు గంట పనిరా, నాకు పెన్ టాబ్లెట్ సెట్టింగులూ ఫాంట్లూ ఎనిమిదేళ్ళ క్వశ్చన్ పేపర్లూ మళ్ళీ సర్దుకోవడానికి వారం పడుతుంది అన్నా. "మరి నీ ఇష్టం" అని పెట్టేశాడు.

సరే, ముందు అసలు ఆ బ్లూ స్క్రీన్ మీద ఏముందో చదవాలి కదా. దానికో చిన్న సెట్టింగ్ ఉంది, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, స్టార్టప్ అండ్ రికవరీ, అందులో ఆటోమేటికల్లీ రీస్టార్ట్ దగ్గర టిక్కు తీసేస్తే క్రాష్ అయినప్పుడు స్క్రీన్ అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. తీశా. స్టాప్ కోడ్: డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. దీని అర్థం మన భాషలో చెప్పాలంటే, ఏదో డ్రైవర్ (హార్డ్‌వేర్‌కీ విండోస్‌కీ మధ్య మాట మోసే చిన్న ప్రోగ్రామ్ లెండి) తాకకూడని సమయంలో తాకకూడని మెమరీని తాకింది, విండోస్ ఇక నడిపితే డేటా పాడవుతుందని తనే ఆపేసింది. ఏ డ్రైవరో మాత్రం నా స్క్రీన్ మీద లేదు.

విండోస్ తనకేమైందో రాసుకునే చిట్టా ఉంటుంది, ఈవెంట్ వ్యూయర్, అదీ తెరిచా. అందులో ఎర్రగా కెర్నల్ పవర్ 41 అని ఉంటుంది, అది చూసి పవర్ సప్లై పోయిందనుకుని కొత్తది కొనేసేవాళ్ళున్నారు, నేనూ కాసేపు అదే అనుకున్నా. అది చెప్పేది ఒక్కటే, సరిగ్గా షట్‌డౌన్ అవకుండా మళ్ళీ ఆన్ అయింది అని. ఎందుకు ఆగిందో చెప్పదు. ఆ మాత్రం నాకూ తెలుసు, పక్కనే ఉన్నాగా!

అసలు సాక్ష్యం మినీడంప్ ఫోల్డర్లో ఉంటుంది, విండోస్ ఫోల్డర్ లోపలే. క్రాష్ అయిన క్షణంలో మెమరీలో ఏముందో ఒక చిన్న ఫైల్‌గా అక్కడ రాసి పెడుతుంది, దాన్నే డంప్ అంటారు. ఆరు క్రాషులయ్యాయి కదా, ఆరు ఫైళ్ళు ఉంటాయని తెరిస్తే ఫోల్డర్ ఖాళీ. ఇదిగో ఇక్కడ వచ్చింది రెండో పిసినారితనం. పేజ్‌ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్, ఎప్పుడో జాగా కోసం దాన్ని ఆపేశా. క్రాష్ అయినప్పుడు డంప్ ముందు ఆ పేజ్‌ఫైల్ లోకే వెళ్తుంది, తర్వాత బూట్ అయ్యేటప్పుడు దాన్ని తీసి ఫైల్ చేస్తుంది. పేజ్‌ఫైల్ లేకపోతే డంపూ లేదు. అంటే నా కంప్యూటర్ ఆరుసార్లు చచ్చింది, ఒక్కదానికీ పోస్ట్‌మార్టమ్ రిపోర్టు లేదు. పేజ్‌ఫైల్‌ని సిస్టమ్ మేనేజ్‌డ్ అని పెట్టి, ఇక పడు తల్లీ అని ఎదురు చూస్తూ కూర్చున్నా. పడదే! పడాలని చూస్తే పడదు.

ఈ లోపు అందరూ చెప్పే పూజలన్నీ చేశా. విండోస్ ఫైళ్ళని సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ కొడితే పాడైన ఫైళ్ళు దొరికాయి, బాగు చేశాను అంది, ఓహో అయిపోయిందనుకున్నా, సాయంత్రం క్లాసులో మళ్ళీ పడింది. విండోస్‌ని రిపేర్ చేసే ఇంకో కమాండ్, డిజమ్ రీస్టోర్‌హెల్త్, అదీ అయింది. గ్రాఫిక్స్ డ్రైవర్ మొత్తం పీకి కొత్తది వేశా. మెమ్‌టెస్ట్ 86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా ర్యామ్‌ని పరీక్ష చేశా, నాలుగు పాస్‌లు, ఎర్రర్లు సున్నా. ఇవి వృథా అనను, ర్యామ్ మీద అనుమానం పోవడం కూడా పనే, కానీ ఇవన్నీ చేసేటప్పుడు నేను ఆలోచించడం మానేసి చేతులు ఆడిస్తున్నానని తర్వాత అర్థమైంది.

నిజంగా దారి చూపించింది నోట్‌బుక్. క్రాష్ అయిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏం చేస్తున్నానో రాయడం మొదలుపెట్టా. గురువారానికి తొమ్మిది ఎంట్రీలు. ఏడు వీడియో క్లాసులో. ఒకటి క్లాసు రికార్డింగ్ అప్‌లోడ్ చేస్తుంటే. తొమ్మిదోది మరీ నవ్వొచ్చేది, డంప్ చదవడానికి విన్‌డీబీజీ అనే మైక్రోసాఫ్ట్ టూల్ పెట్టుకుని దానికి కావాల్సిన సింబల్స్ ఫైళ్ళు డౌన్‌లోడ్ అవుతుంటే, అంటే క్రాష్ ఎందుకయిందో కనుక్కునే పనిలో ఉండగా క్రాష్. ఆ పక్కనే ఇంకో లైన్ రాసుకున్నా, బుధవారం రాత్రి నెట్ ఆపేసి రెండున్నర గంటలు వీడియో ఎడిట్ చేశా, ప్రాసెసర్ మంటెక్కిపోయింది, ఫ్యాన్ హోరెత్తిపోయింది, క్రాష్ లేదు. వేడి కాదు, ర్యామ్ కాదు, గ్రాఫిక్స్ కాదు. నెట్ మీద బరువు పడినప్పుడే. ఆదివారం ఎందుకు బాగుందో కూడా అప్పుడు తట్టింది, ఆ రోజు నెట్ పనే లేదు.

డంపులు కూడా ఇప్పుడు మూడు దొరికాయి. బ్లూస్క్రీన్‌వ్యూ అని చిన్న టూల్ ఉంది, అందులో తెరిస్తే ఒకదానికి టీసీపీఐపీ అంది, రెండిటికి ఎన్‌డిస్ అంది. రెండూ విండోస్ సొంత నెట్‌వర్క్ ఫైళ్ళే. చూశారా అప్‌డేటే దొంగ అని మళ్ళీ పాత పాట ఎత్తుకున్నా. కానీ దీంట్లో ఒక మెలిక ఉంది. ఆ టూల్ చూపించేది ఎవరి చేతిలో ఉండగా పగిలిందో, ఎవరు పగలగొట్టారో కాదు. ఒక డ్రైవర్ ప్యాకెట్‌ని (నెట్‌లో వచ్చిపోయే డేటా ముక్కని) చెడగొట్టి పక్కవాడి చేతికిచ్చేసి తప్పుకుంటే, పక్కవాడు దాన్ని ముట్టుకోగానే పేలుతుంది, పేరు పక్కవాడిదే పడుతుంది.

చెడగొట్టినవాణ్ణి పట్టడానికి విండోస్‌లోనే డ్రైవర్ వెరిఫయర్ అని ఉంది. రన్‌లో వెరిఫయర్ అని కొడితే వస్తుంది. ఇది డ్రైవర్ల మీద నిఘా పెడుతుంది, ఏది నియమం తప్పినా ఆ క్షణంలోనే కావాలని క్రాష్ చేసి పేరు రాస్తుంది. స్టాండర్డ్ సెట్టింగ్స్ ఎంచుకుని, లిస్టులో మైక్రోసాఫ్ట్‌వి వదిలేసి మిగతావాటికి టిక్కు పెట్టాలి. పెట్టేముందు రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకునే గుర్తు) తీసుకోవాలి, ముఖ్యమైన ఫైళ్ళు బయట కాపీ పెట్టుకోవాలి, ఎందుకంటే తప్పు చేసే డ్రైవర్ బూట్‌లోనే లోడయ్యేదైతే డెస్క్‌టాప్ దాకా కూడా రానివ్వదు.

నాకు సరిగ్గా అదే అయింది. రీస్టార్ట్ కొట్టా, లోగో వచ్చింది, చుక్కలు తిరిగాయి, క్రాష్. మళ్ళీ లోగో, చుక్కలు, క్రాష్. స్టాప్ కోడ్ ఈసారి వేరే, డ్రైవర్ వెరిఫయర్ డిటెక్టెడ్ వయొలేషన్. దొరికాడ్రా అని సంతోషించాలా, లోపలికి ఎలా వెళ్ళాలని ఏడవాలా తెలీలేదు. అలా రెండు మూడుసార్లు పడ్డాక రిపేర్ స్క్రీన్ వచ్చింది, అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, నంబర్ 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే లేచే విండోస్. ఇదంతా ముందే చదువుకున్నా. చదవనిది ఏంటంటే, మధ్యలో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. నాకు బిట్‌లాకర్ ఉందనే తెలీదు, నా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందనీ తెలీదు! ఫోన్‌లో నా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే అదృష్టం బాగుండి కీ అక్కడ సేవ్ అయి ఉంది, ఆరేసి అంకెలు చొప్పున ఎనిమిది ముక్కలు, ఒకసారి తప్పు కొట్టా, చేతులు చెమటలు. మీరు ఇవాళ ఈ పని మొదలెట్టేట్టయితే ముందు ఆ కీ ఎక్కడుందో చూసుకుని కాగితం మీద రాసుకోండి, మిగతాదంతా తర్వాత.

సేఫ్ మోడ్‌లోకి వచ్చాక కమాండ్ ప్రాంప్ట్‌లో వెరిఫయర్ స్లాష్ రీసెట్ కొట్టి, మామూలుగా బూట్ చేసి, కొత్త డంప్‌ని విన్‌డీబీజీలో తెరిచి అనలైజ్ కమాండ్ ఇచ్చా. చాలా లైన్లు వస్తాయి, కంగారు పడకుండా కిందకి పోతే ఇమేజ్ నేమ్ అని ఉంటుంది. ఈసారి టీసీపీఐపీ కాదు, ఎప్పుడూ చూడని పేరు. దాని తేదీ చూస్తే 2015. పేరులో మొదటి నాలుగక్షరాలు చూడగానే గుర్తుపట్టా, ఎప్పుడో ట్రయల్ కోసం వేసుకుని నెల్లో తీసేసిన ఒక వీపీఎన్, మన నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే సాఫ్ట్‌వేర్. తీసేశాననుకున్న వీపీఎన్. కంపెనీ పేరు అనవసరం, తీసేసేటప్పుడు దాని సామాను మొత్తం పట్టుకెళ్ళలేదు, అంతే.

నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే చిన్న లిస్టు ఉంటుంది, ఐపీవీ4, ఐపీవీ6, క్యూఓఎస్ ప్యాకెట్ షెడ్యూలర్ అలాంటివి. ఎన్నిసార్లు చూసుంటానో ఆ లిస్టుని. వాటి మధ్యలో నిక్షేపంగా టిక్కు పెట్టుకుని కూర్చుంది ఆ వీపీఎన్ ఫిల్టర్. వచ్చే ప్రతి ప్యాకెట్టూ పోయే ప్రతి ప్యాకెట్టూ దాని చేతుల మీదుగానే. పాత వెర్షన్‌లో దాని అలవాట్లు ఎలాగో చెల్లిపోయాయి, కొత్త వెర్షన్‌లో చెల్లలేదు.

వెంటనే పీకేయాలనిపించింది గానీ ఆగా. అప్పటికే రెండుసార్లు అయిపోయిందనుకుని బోల్తా పడ్డా. టిక్కు మాత్రం తీసి, పెద్ద ఫైల్ ఒకటి డౌన్‌లోడ్ పెట్టి, పక్కన నాతో నేనే వీడియో కాల్ పెట్టుకుని మూడు గంటలు వదిలేశా. ఏమీ కాలేదు. టిక్కు మళ్ళీ పెట్టా, అదే డౌన్‌లోడ్, అదే కాల్. ఇరవై రెండో నిమిషంలో పడింది. క్రాష్ అయినందుకు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది నా జీవితంలో అప్పుడే.

తర్వాత పని చిన్నది. అదే లిస్టులో దాన్ని ఎంచుకుని అన్‌ఇన్‌స్టాల్ నొక్కా. డివైస్ మేనేజర్‌లో వ్యూ కింద షో హిడెన్ డివైసెస్ పెడితే దాని వర్చువల్ అడాప్టర్ కూడా మసకగా కనిపించింది, అదీ తీసేశా. పీఎన్‌పీయుటిల్ అనే కమాండ్‌తో డ్రైవర్ల లిస్టు తీయించి, ఓఈఎం అని నంబర్‌తో ఉండే దాని ఇన్ఫ్ ఫైల్ పట్టుకుని డిలీట్ చేశా. ఆ నంబర్ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి, పక్క నంబర్ మీ టచ్‌ప్యాడ్‌ది కావచ్చు. ఆ లిస్టులో నేను పదేళ్ళలో వాడి పారేసిన ప్రింటర్లు మూడు, స్కానర్ ఒకటి, ఎవరిదో ఫోన్ డ్రైవర్ కూడా ఉన్నాయి. వాటి జోలికి పోలేదు, అవి నన్నేమీ అనట్లేదుగా.

తమ్ముడికి చెప్తే "ఫార్మాట్ కొట్టినా అది పోయేదే కదక్కా" అన్నాడు. నిజమే, పోయేది. ఏం మాట్లాడను.

ఆఖరి క్రాష్ అయ్యి ఇవాళ్టికి ఆరు వారాలు. ఆ క్వాడ్రాటిక్ ఫార్ములా మళ్ళీ మొదట్నుంచి చెప్పా, రూట్ కింద బీ స్క్వేర్ దగ్గరికి రాగానే క్లాసు క్లాసంతా మైకులు ఆన్ చేసి కౌంట్‌డౌన్ మొదలెట్టారు దరిద్రులు. మైనస్ 4ఏసీ దాకా వెళ్ళా. సీ డ్రైవ్ మాత్రం మళ్ళీ ఎర్రబడింది, డిస్క్ క్లీనప్ తెరిచి ఒక్కో టిక్కూ చదువుకుంటూ కూర్చున్నా.